పొగ రాక్షసుడి ఎడమ భుజం

నా వయసువాళ్లు కలిస్తే మోకాళ్ల నొప్పుల గురించి, షుగర్ గురించి మాట్లాడుకుంటారు. నేనూ మాట్లాడతాను, నాకు రెండూ ఉన్నాయి. కానీ నా మనసులోని అసలు గుబులు వేరు. జపాన్ బొమ్మల కథలో తెడ్డు పట్టుకుని యుద్ధం చేసే ఒక కుర్రవాడు చివరికి బతుకుతాడా లేదా అన్నదే ఆ గుబులు. ఈ మాట పైకి అంటే మా సెక్షన్‌లో నా చేతికి ఎవరూ ఫైలు ఇవ్వరు. అందుకని అనను.

నేను యూనివర్సిటీలో పరీక్షల విభాగంలో పనిచేస్తాను. ఇల్లు మౌలాలిలో. మా అమ్మాయి అదే యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతోంది, ఉండేది హాస్టల్లో. ఇల్లు అంత దగ్గర పెట్టుకుని హాస్టల్ ఎందుకు అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. ల్యాబ్ పని పొద్దుపోయేదాకా ఉంటుందని చెప్పింది. సరే, సైన్సు కదా, ఉంటుందేమో అనుకున్నాను.

ఈ బొమ్మల పిచ్చి ఆమె ఇంటర్ చదివే రోజుల్లో మొదలైంది. చదువుకోమంటే తలుపు దగ్గరికి వేసుకుని ఫోన్ చూస్తోందని మా ఆవిడ ఫిర్యాదు చేసింది. పరీక్షల విభాగంలో పనిచేసేవాడి కూతురు పరీక్ష తప్పితే నేను ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? కోపంగా లోపలికి వెళ్లాను. తిట్టేముందు అసలు ఏం చూస్తోందో తెలుసుకోవడం న్యాయం కదా అని పక్కన కూర్చున్నాను. ఫోన్‌లో ఒక కుర్రవాడు పడవ తెడ్డు పట్టుకుని నది మధ్యలో నిలబడి ఉన్నాడు. ఎదురుగా కొండంత పొగ. ఆ పొగకు కళ్లున్నాయి.

"గా పొగ ఏంది?" అని అడిగాను.

"రాక్షసుడు. వాళ్ల ఊరును మింగిండు," అంది.

"ఊరు మొత్తం మింగిండా? మరి ఈ పిల్లగాడు ఒక్కడు ఎట్ల మిగిలిండు?"

"నువ్వు తిట్టనీకి వచ్చినవా, చూడనీకి వచ్చినవా బాపూ?"

తిట్టడం ఆ రోజుకు వాయిదా పడింది. ఇప్పటికీ వాయిదాలోనే ఉంది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం కోడికూర తిన్నాక, మా ఆవిడ కునుకు తీసే వేళ, మేమిద్దరం టీవీ ముందు కూర్చునేవాళ్లం. మాటలు జపాన్ భాషలో ఉంటాయి, కింద ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. నాకు ఇంగ్లిష్ వచ్చు. పరుగెత్తే ఇంగ్లిష్ మాత్రం రాదు. నేను ఒక వాక్యం చదివేలోపు తెర మీద ముగ్గురు చచ్చిపోయి, నాలుగోవాడు పగ తీర్చుకుంటానని ఒట్టు పెట్టుకునేవాడు. అందుకని మా అమ్మాయి ప్రతి మాటకూ బొమ్మ ఆపేది. నేను పెదవులు కదిలిస్తూ చదివి "ఆఁ, పోనియ్" అనేవాణ్ని. అప్పుడు పోనిచ్చేది. అరగంట కూడా లేని భాగం చూడటానికి మాకు సాయంత్రం టీ వేళ అయ్యేది.

ఆ పేర్లు నా నోరు తిరిగేవి కావు. అందుకని సొంత పేర్లు పెట్టుకున్నాను. పడవవాడు తెడ్డు పిల్లగాడు. ఊరిని మింగినవాడు పొగ రాక్షసుడు. యుద్ధాల మధ్యలో వచ్చి అన్నం వండి పెట్టే ముసలాయన బువ్వ తాత. "వాళ్లకు పేర్లున్నయి బాపూ, జర ఇజ్జత్ ఇయ్యి" అని మొత్తుకునేది. కొన్నాళ్లకు తనూ బువ్వ తాత అనడం మొదలుపెట్టింది.

తెడ్డు పిల్లగాడు దెబ్బ వేసేముందు ఆ దెబ్బ పేరు గొంతు చించుకుని చెబుతాడు. ఒకసారి మా ఆవిడ నిద్రకళ్లతో అటు చూసి, "కొట్టేటోడు ముందుగాల చెప్పినంక అవతలోడు పక్కకు జరగడా?" అని అడిగింది. నాకు పౌరుషం వచ్చింది. మన పౌరాణిక సినిమాల్లో బాణం వేసేముందు రాగం తీసి పద్యం పాడటం లేదా? అవతలివాడు ఆ పద్యం అయ్యేదాకా ఆగి, తన పద్యం పాడుకుని, అప్పుడు తన బాణం వేయడం లేదా? యుద్ధమన్నాక ఒక మర్యాద ఉంటుంది, జపాన్ వాళ్లకూ ఉంది, అని వివరంగా చెప్పాను. ఆమె నా వివరణ మధ్యలోనే మళ్లీ నిద్రపోయింది.

పరీక్షల విభాగంలో ఏళ్ల తరబడి పనిచేసినవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఒకే చేతిరాత రెండు జవాబు పత్రాల్లో కనబడితే చాలు, కన్ను అక్కడే ఆగిపోతుంది. తెడ్డు పిల్లగాడికి ఒక అలవాటుంది. దెబ్బ వేసేముందు చొక్కా సర్దుకున్నట్టు ఎడమ భుజం ఒకసారి ఎగరేస్తాడు. ఒక ఆదివారం పొగ రాక్షసుడు వేరే ఊరి మీద పడబోతూ, ఎడమవైపు పొగను సరిగ్గా అట్లాగే ఎగరేశాడు. నేను కుర్చీలోంచి లేచాను.

"ఆపు, ఆపు! బిడ్డా, వీడు వాని తండ్రి."

"ఏంది?"

"పొగ రాక్షసుడు పిల్లగాని బాపు. తప్పిపోయిన తండ్రి. భుజం చూడు, ఒక్క తీరే ఉన్నది. ఇది మాల్‌ప్రాక్టీస్ కేసు."

"ప్రతి దాంట్ల తప్పిపోయిన తండ్రి ఉంటడా బాపూ? నీకు మీ పాత సినిమాలు ఎక్కువైనయి," అని సోఫా మీద పడి నవ్వింది. నేను పట్టు విడవలేదు. ప్రతి ఆదివారం భుజం కోసం వెతికేవాణ్ని, కనబడితే వేలు పెట్టి చూపించేవాణ్ని. ఆమె నవ్వు ఆపేది కాదు.

డిగ్రీ అయ్యాక ఆమెకు మా క్యాంపస్‌లోనే సీటు వచ్చింది. నేను ఆనందం పట్టలేకపోయాను. మొదటి వారంలోనే మా ఆవిడ వండిన చింతచిగురు మాంసం డబ్బా పట్టుకుని వాళ్ల డిపార్ట్‌మెంట్‌కు వెళ్లాను. మెట్ల మీద కొత్త స్నేహితులతో కూర్చుని ఉంది. అందులో ఒక అబ్బాయి బ్యాగుకు తెడ్డు పిల్లగాడి బొమ్మ వేలాడుతోంది. అది చూడగానే నాకు పూనకం వచ్చింది. డబ్బా మెట్టు మీద పెట్టి, రెండు చేతులూ పైకెత్తి, బుగ్గలు పూరించి, పొగ రాక్షసుడి నడక నడిచి చూపించాను. చివర్లో ఎడమ భుజం కూడా ఎగరేశాను. అటుగా పోతున్న వాళ్ల ప్రొఫెసర్ గారు ఆగి చూశారు. నేను బాగా చేశానని నాకిప్పటికీ నమ్మకం ఉంది.

ఆ సాయంత్రం ఫోన్ వచ్చింది.

"బాపూ, ఒక్క మాట చెప్త, ఫీల్ గాకు. క్యాంపస్‌ల నువ్వు నన్ను గుర్తుపట్టకు. నేను గుడ నిన్ను గుర్తుపట్ట. ఇంట్ల మాములే."

"గట్లనే బిడ్డా," అన్నాను. ఇంకేమంటాను?

అప్పటినుంచి ఒప్పందం అమల్లోకి వచ్చింది. క్యాంటీన్ దగ్గర ఎదురైతే నేను ఆకాశం చూసేవాణ్ని, ఆమె చెప్పులు చూసుకునేది. ఒకసారి నేను ఆకాశం చూస్తూ నడిచి ఆగి ఉన్న స్కూటర్‌కు గుద్దుకున్నాను. ఆమె గబగబా నా వైపు వచ్చి, మధ్యలో ఒప్పందం గుర్తొచ్చి ఆగిపోయింది. నేను మోకాలు రుద్దుకుంటూ, పరవాలేదు అన్నట్టు మళ్లీ ఆకాశం చూశాను. ఆదివారాలు కూడా మెల్లగా పోయాయి. ఒక వారం రికార్డులు, ఒక వారం ఎవరిదో పుట్టినరోజు. మిగిలిన భాగాలు నేను ఒక్కణ్నే చూశాను. ఆపుకోవడం నేనే, పోనివ్వడం నేనే. అట్లా చూస్తే అంత బాగుండదు.

ఇట్లా ఉండగా ఒక సాయంత్రం ఆఫీసునుంచి వచ్చేసరికి మా ఆవిడ కుట్టు మిషన్ మీద నీలం గుడ్డ కనబడింది. ఆమె బస్తీలో అందరికీ బ్లౌజులు కుడుతుంది. ఇది బ్లౌజులా లేదు.

"ఎవరిది?"

"నీ బిడ్డదే. గా పడవ పిల్లగాని కోటట. సినిమా వస్తున్నదంట కద, ఏసుకొని పోతదట."

సినిమా వస్తోందని నాకు తెలుసు. తెడ్డు పిల్లగాడికీ పొగ రాక్షసుడికీ ఆఖరి యుద్ధం, టీవీలో కాదు, థియేటర్లో, తార్నాకలో. నెల రోజులుగా ఎదురుచూస్తున్నాను. ఆమె ఫోన్ చేసి "బాపూ, పోదమా" అంటుందని ఎదురుచూస్తున్నాను.

"ఎవరితోని పోతదట?"

"దోస్తులతోని. శుక్రవారం మార్నింగ్ షో."

నాకు బాధనిపించింది. ఇంత వయసొచ్చి, సినిమాకు పిలవలేదని బాధపడొచ్చా అని కాసేపు ఆలోచించాను. పడొచ్చని తేలింది. సినిమా ఎప్పుడైనా చూడొచ్చు, అది వేరే సంగతి. నాకు ఆమె పక్కన కూర్చుని చూడాలని ఉంది. పొగలోంచి ఆ తండ్రి ముఖం బయటపడే క్షణంలో నా కూతురు నా పక్కనే ఉండాలి. ఇంతకన్నా నేనేం కోరడం లేదు.

"అడుగరాదు?" అంది మా ఆవిడ, నోట్లో దారం పెట్టుకుని.

"అడిగితె కాదనలేక రమ్మంటది. గట్ల నాకొద్దు."

"తండ్రీబిడ్డలు ఇద్దరు ఒక్కటే. మధ్యల నా పానం తింటున్నరు," అని మిషన్ తొక్కసాగింది. కోటు బాగా వచ్చింది. అలవాటు చొప్పున మెడకూ చేతులకూ బంగారు రంగు పైపింగ్ వేసేసింది. తెడ్డు పిల్లగాడు ఎవరి పెళ్లికో బయల్దేరినట్టున్నాడు. నేను ఆమెకు ఆ మాట చెప్పలేదు.

మా అమ్మాయికి చెప్పకుండా అదే ఆటకు టికెట్ కొన్నాను. ఫోన్‌లో థియేటర్ బొమ్మ వచ్చింది, గడులు గడులుగా. వెనక వరుసలో మంచి సీటు దొరికిందని మురిసిపోయాను. ఆ బొమ్మలో తెర ఏ వైపున ఉంటుందో నాకెవరూ చెప్పలేదు. నా పథకం సులువైనది. ఆట మొదలయ్యేదాకా టోపీ, మాస్కు పెట్టుకుని దాక్కోవాలి. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ దగ్గర అనుకోకుండా ఎదురుపడి "అరె! నువ్వు గుడ వచ్చినవా!" అనాలి. ఆమె స్నేహితులు జరుగుతారు, నేను కూర్చుంటాను. "అరె!" అన్న ముక్కను అద్దం ముందు చాలాసార్లు అభ్యాసం చేశాను.

ఇక తెర మీదికి విసిరే కాగితాల సంగతి. వయసులో ఉండగా నల్లకుంట నుంచి సికింద్రాబాద్ దాకా ఏ థియేటర్లో మొదటి ఆట పడినా కాగితాల పని నాదే. ఇప్పటివాళ్లకు ఆ విద్య తెలియదు. కత్తెరతో కోస్తే కాగితం రాయిలా కింద పడుతుంది. చేత్తో చింపాలి, అంచులు పీచులు పీచులుగా ఉండాలి. అప్పుడే ఫ్యాను గాలికి తేలుతూ దిగుతుంది. గురువారం సాయంత్రం పాత పేపర్లూ, పోయిన ఏడాది క్యాలెండరూ ముందేసుకుని కూర్చున్నాను. మా ఆవిడ చూసింది. ఒక గుడ్డ సంచి తెచ్చి నా పక్కన పెట్టి వెళ్లింది.

సెలవు చీటీలో కారణం దగ్గర 'కుటుంబ కార్యం' అని రాశాను. అందులో అబద్ధం లేదు. లాలాపేట మీదుగా స్కూటర్ వేసుకుని పొద్దున్నే తార్నాక చేరాను. థియేటర్ గుమ్మంలో సెక్యూరిటీ ఆమె సంచి విప్పి చూసింది.

"ఇదేంది సార్?"

"కాగితాలు."

"చింపిన కాగితాలెందుకు సార్?"

"యూనివర్సిటీల ఎగ్జామినేషన్ బ్రాంచ్ అమ్మా. కాన్ఫిడెన్షియల్."

ఆమె వెంటనే సంచి మూతి కట్టి రెండు చేతులతో నాకు ఇచ్చింది. చదువంటే మన జనానికి ఇంకా గౌరవం ఉంది.

లోపల చూస్తే మా క్యాంపస్ సగం అక్కడే ఉంది. అందరూ వేషాల్లో ఉన్నారు. అట్ట తెడ్లు, రంగు జుట్లు, నోటికి గుడ్డలు. ఒక పొడుగాటి అబ్బాయి పొగ రాక్షసుడి వేషం వేశాడు. ఒంటినిండా పరుపులోని దూది అంటించుకుని తలుపులోంచి పట్టక అడ్డంగా తిరిగి నడుస్తున్నాడు. వాళ్ల మధ్యలో నీలం కోటు, బంగారు పైపింగ్. అసలు పిల్లగాడే వచ్చినా అంత బాగుండడు. నేను మాస్కు పైకి లాక్కుని నా సీటు వెతుక్కున్నాను. అది మొట్టమొదటి వరుసలో ఉంది, తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా. రాక్షసుడి వేషం వేసిన అబ్బాయికి ఒళ్లు పట్టాలని, సరిగ్గా నా వెనక వరుసలో చివరి సీటు ఇచ్చారు. మా అమ్మాయి వాళ్లు ఇంకా పైన కూర్చున్నారు.

సినిమా మొదలైంది. ముందు వర్షం పడింది. ఆ వర్షం గురించి చెప్పాలి. ఒక్కో చినుకూ నది మీద పడి గుండ్రంగా విచ్చుకోవడం కనబడుతోంది. ఒక చినుకు మాత్రం తెడ్డు కొన మీద ఆగి వణికింది. దాన్ని గీసినవాడెవరో గాని వాడికి దండం పెట్టాలి. బువ్వ తాత అన్నం వండితే ఆవిరి నా ముఖానికి కొట్టినట్టయింది, అంత దగ్గరున్నాను మరి. తెడ్డు పిల్లగాడు ఎగిరినప్పుడల్లా నా తల కుడినుంచి ఎడమకు తిరగాల్సి వచ్చింది. మెడ పట్టేసింది. ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కోటి మా ఇంటి తలుపంత ఉన్నాయి. మొదటి మాట చదువుతుండగా చివరి మాట పోయేది. అలవాటుగా "ఆఁ, పోనియ్" అన్నాను. ఎవరూ ఏమీ ఆపలేదు, అదే పోయింది.

ఇంటర్వెల్‌లో పథకం ప్రకారం పాప్‌కార్న్ దగ్గర నిలబడ్డాను. వాళ్ల గుంపు వచ్చింది. దూది అబ్బాయి మా అమ్మాయిని ఆటపట్టిస్తున్నాడు.

"ఏమైంది నీ థియరీ? రాక్షసుడు వాని ఫాదర్ అంటివి. సగం సినిమా అయింది, ఏం లేదు."

"ఆగురా. ఇంకా అయిపోలే," అంది మా అమ్మాయి. "భుజం చూడు, ఒక్క తీరే ఉంటది. అది మాల్‌ప్రాక్టీస్ కేసు."

నా చేతిలోని పాప్‌కార్న్ సగం కింద పోయింది. ఇంట్లో సోఫా మీద పడి నవ్వినదేనా ఈమె? బయట నా తరఫున వాదిస్తోంది! మాస్కు కిందికి లాగి, ముందుకు అడుగేసి, "అరె" అన్నాను. ఆమె తిరిగింది. చూసింది. కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత మెల్లగా తలెత్తి థియేటర్ కప్పు చూడటం మొదలుపెట్టింది. ఆ కప్పుకు లైట్లు తప్ప ఏమీ లేవు.

ఒప్పందం నేను ఒప్పుకున్నదే. ఆమె తప్పేమీ లేదు. అయినా ప్రాణం చివుక్కుమంది. మాస్కు పైకి లాక్కుని నా ముందు వరుసకు వెళ్లి కూర్చున్నాను.

రెండో సగమంతా యుద్ధమే. నది నిట్టనిలువుగా లేచింది. తెడ్డు విరిగింది. విరిగిన ముక్కతోనే పిల్లగాడు పొగను చీల్చుకుంటూ లోపలికి వెళ్లాడు. సంగీతం ఆగిపోయింది. పొగ ఒక్కో పొరా విడిపోతోంది. లోపల ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. బక్కపలచటి మనిషి, నెరిసిన గడ్డం. పిల్లగాడు దెబ్బ వేయడానికి ఎడమ భుజం ఎగరేశాడు. ఎదుటి మనిషి కూడా, నీరసంగా, ఎడమ భుజం ఎగరేశాడు. పిల్లగాడి చేతిలోంచి తెడ్డు ముక్క జారింది. హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టి, వెంటనే ఏడవసాగింది. వెనకనుంచి వెక్కిళ్లు వినబడుతున్నాయి.

అక్కడ నేను చేయాల్సిన పని ఏమిటో ఎవరికైనా తెలుసు. నేనూ ఏడవాలి. కానీ ఇన్నేళ్లుగా చెబుతున్నది నిజమైంది! నా ప్రమేయం లేకుండా లేచి నిలబడ్డాను. రెండు వేళ్లూ నోట్లోకి వాటంతట అవే వెళ్లాయి. ఆ ఈల ఇరవై ఐదేళ్లుగా లోపలే ఉందేమో, ఏసీ హాలు గోడలు అదిరిపోయాయి. ఆ వెంటే సంచి విప్పి గుప్పిళ్లతో కాగితాలు విసిరాను. మెడ పట్టేసి ఉండటంతో తెర మీదికి పోవలసినవి వెనక్కి పోయాయి. దూది అబ్బాయి దూదికి మొత్తం అంటుకున్నాయి. "చెప్పిన్నా లేదా! తండ్రే! వాని తండ్రే!" అని అరిచాను.

తెర మీద తండ్రీకొడుకులు ఒకరినొకరు చూసుకుంటున్నారు, కింద హాలు మొత్తం నన్ను చూస్తోంది.

"అంకుల్, దిమాక్ ఉన్నదా!" అని ఎవరో అరిచారు. టార్చిలైటు నా ముఖం మీద పడింది. థియేటర్ మేనేజర్.

"సార్, బయటికి రండి జర. ఎవరితోని వచ్చిండ్రు?"

పైన ఎక్కడో నీలం కోటు ఉందని నాకు తెలుసు. అటు చూడలేదు. "ఒక్కణ్నే వచ్చిన," అని ఖాళీ సంచి తీసుకుని బయటికి నడిచాను.

వరండాలో ఒక సోఫా మీద కూర్చోబెట్టారు. "ఈల ఓకే సార్, గని కాగితాలతోని కార్పెట్ ఖరాబైతది" అని మేనేజర్ మర్యాదగానే చెప్పాడు. "మా జమానాల కార్పెట్లు లేకుండె" అని నేనూ మర్యాదగానే చెప్పాను. ఆయన వెళ్లిపోయాడు. మూసిన తలుపుల వెనక యుద్ధం ఇంకా నడుస్తోంది. సోఫా సన్నగా అదురుతోంది. నాకు చాలా సిగ్గుగా ఉంది. అంతమందిలో నా బిడ్డ తల ఎత్తుకోలేకుండా చేశాను కదా అని కుమిలిపోతున్నాను.

తలుపు తెరుచుకుంది. నీలం కోటు బయటికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కాటుక బుగ్గల దాకా దిగింది.

"అందరు ఏడుస్తుంటె ఈల ఏస్తరా బాపూ?"

"ఖుషీ ఆగలే బిడ్డా. నేను చెప్పింది నిజమాయె కద."

"నేను గుడ ఏద్దామనుకున్న. నాకు ఈల రాదు," అని ముక్కు తుడుచుకుని నా పక్కన కూలబడింది.

"నువ్వెందుకు వచ్చినవు? పో, పో, క్లైమాక్స్ అయిపోతది. ఇన్నేండ్లు ఎదురుచూసి గిప్పుడు బయట కూసుంటవా?"

"నేను పోను."

"ఏమైంది?"

ఆమె కోటు పైపింగ్ గోటితో గీకుతూ కూర్చుంది. "గాడ వాని బాపు చచ్చిపోయేటట్టున్నడు," అంది. "నువ్వు బయట ఉంటె, నేను ఒక్కదాన్నే కూసొని అది చూడలేను."

తండ్రిగా ఏదైనా పెద్ద మాట చెప్పాల్సిన సమయం అది. "చావడు తియ్యి," అన్నాను. "భుజం ఇంకా మంచిగనే కదులుతున్నది." ఆమె ఏడుస్తూనే నవ్వింది. ఇద్దరం అదురుతున్న సోఫా మీద అట్లాగే కూర్చున్నాం. లోపల ఏదో పెద్దగా కూలిన చప్పుడైంది. ఏం కూలిందో మాకు తెలియదు.

"ఆదివారం మళ్ల వద్దాం. ఇద్దరికి టికెట్లు నేను బుక్ చేస్త," అంది. "నువ్వు చెయ్యకు. ముందు వరుసల ఎవలన్న కూసుంటరా?"

అంతలో తలుపులు రెండూ బార్లా తెరుచుకున్నాయి. మా క్యాంపస్ సగం ఒక్కసారిగా బయటికి వచ్చి పడింది. అందరి కళ్లూ వాచి ఉన్నాయి. అందరికంటే ముందు దూది అబ్బాయి, ఒళ్లంతా నా క్యాలెండర్ ముక్కలతో, వెక్కుతూ మా వైపు పరుగెత్తుకొచ్చాడు. ఆగే రకంలా లేడు. "అరే, నువ్వు మిస్సయినవ్! ఎండింగ్‌ల వాని ఫాదర్..." అని మొదలుపెట్టాడు.

మా అమ్మాయి ఎగిరి నా ముందుకు వచ్చి, రెండు అరచేతులతో నా చెవులు గట్టిగా మూసేసింది.

తన చెవులు కాదు, నావి. ఆ అబ్బాయి చేతులు ఊపుతూ మొత్తం చెప్పాడు. ఆమె మొత్తం విన్నది. వింటూంటే ఆమె కళ్లల్లో నీళ్లు మళ్లీ తిరిగాయి. చేతులు మాత్రం కదల్లేదు. తర్వాత ఆమె తల తిప్పి వాళ్లందరితో ఏదో అరిచి చెప్పింది. ఏం చెప్పిందో నాకు వినబడలేదు. పెదవులు రెండుసార్లు కలిసి విడిపోవడం కనబడింది, బాపు అన్నప్పుడు కలిసినట్టు. గుంపు మొత్తం నా వైపు తిరిగింది. దూది అబ్బాయి వెక్కిళ్లు ఆపుకుని రెండు దూది చేతులూ జోడించి నాకు దండం పెట్టాడు.

ఆమె ఇంకా చేతులు తీయలేదు. ఎవరైనా మళ్లీ నోరు జారుతారని భయమేమో, ఇంకా గట్టిగా నొక్కింది. చెవులు బాగా నొప్పి పుట్టాయి. తియ్యమని మాత్రం నేను అనలేదు.